ఏ ఊరి గమెలాన్?



ఎవరి జ్ఞాపకంగా మనం ఇక్కడ కూర్చున్నామో ఆ పేరు నా వెనక బ్యానర్ మీద పెద్దక్షరాల్లో ఉంది. నేను మళ్లీ పలకను. బతికుండగా వేదిక మీద ఎవరైనా తన పేరెత్తితే, హార్మోనియం తిత్తి సర్దుకుంటున్నట్టు నటిస్తూ తల దించేసుకునేవారు. మా అందరికీ ఆయన మాస్టారు. పద్యనాటకాలకు హార్మోనియం వాయించారు. అంతకంటే ఎక్కువ కాలం హార్మోనియాలు బాగుచేశారు. తెనాలిలో వారి కొట్లో తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లో నేను పనికి కుదిరాను. పనంటే రీడ్లు తుడవడం, ఆకురాయి అందించడం, టీ పట్టుకురావడం.

రీడు మొనవైపు గీస్తే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీస్తే తగ్గుతుంది. రెండు గీతలు ఎక్కువ పడితే రీడు పనికిరాదు. పని అయ్యాక మాస్టారు పెట్టె మూత లోపల పెన్సిలుతో నాలుగు ముక్కలు రాసేవారు: ఊరు, సమాజం, ఎవరి గొంతుకు చేశారో, తేదీ. "ఇదెందుకు మాస్టారూ?" అని అడిగాను. "పెట్టెకి శ్రుతి ఉండదురా, పాడేవాడికి ఉంటుంది. ఇది రాయకపోతే రేపింకొకడు విప్పి చూసి, తప్పనుకుని దిద్దేస్తాడు" అన్నారు.

ఆ మాట నాకు పూర్తిగా తలకెక్కడానికి ఇరవై ఏళ్లు పట్టింది. అప్పటికి నేను ఇండోనేసియాలో, మధ్య జావాలోని సోలో నగరం దగ్గర ఒక నూలు మిల్లులో మెయింటెనెన్స్ చూస్తున్నాను. మిల్లు యంత్రాల చప్పుడుకి చెవులు తిమ్మిరెక్కిన మనిషి సంగీతం గురించి ఉపన్యాసం ఇవ్వడమేమిటని మీకు అనిపించవచ్చు. నిజమే. నేను పండితుణ్ణి కాను. గమెలాన్ వాయించే ఊళ్ల మధ్య తొమ్మిదేళ్లు తిరిగినవాణ్ణి, అంతే.

గమెలాన్ అంటే ఒక వాద్యం కాదు, ఒక మేళం. కంచు గోంగ్‌లు, కంచు పలకల సారోన్‌లు, బోర్లించిన గిన్నెల వంటి బొనాంగ్‌లు, చర్మవాద్యం కెండాంగ్, రెండు తీగల రెబాబ్, గాయని, కోరస్. అన్నీ కలిపి ఒకే ఇంటి సామాను. మేళాన్ని మర్యాదగా చెప్పాల్సి వస్తే జావా వాళ్లు 'గంగ్స' అంటారు. మన కాంస్యం ఎక్కడ పుట్టిందో ఆ మాటా అక్కడే పుట్టింది. అయితే సోలో వాళ్లు దానికి ఇంకో కథ చెబుతారు. జావా భాషలో మూడుకి 'తిగ', పదికి 'సదస'. పది పాళ్ల రాగికి మూడు పాళ్ల తగరం కలపాలి కనక ఆ రెండు మాటలూ కలిసి గంగ్స అయిందట. భాషాశాస్త్రం ఒప్పుకోదు గానీ, లోహం పాళ్లు మాత్రం సరిగ్గా గుర్తుంటాయి.

సోలోకి తూర్పున విరున్ అనే ఊరుంది. గోంగ్‌లు కొట్టే ఊరు. మిల్లులో నాతో పనిచేసే ఫిట్టరు మేనమామ అక్కడ పనివాడు కావడంతో ఒక ఆదివారం తీసుకెళ్లాడు. కొలిమి పాక లోపల చీకటి. మొదట కరెంటు లేదనుకున్నాను. తర్వాత తెలిసింది, చీకటి కావాలనే పెట్టుకుంటారు. లోహం ఎంత కాలిందో దాని రంగుని బట్టి కనిపెట్టాలి, ఎండ వెలుగులో ఆ రంగు కళ్లకి దొరకదు. బొగ్గుల మీద గుండ్రటి కంచు దిమ్మ ఎర్రబడుతుంది. ఒకాయన పొడుగాటి పట్టకారుతో దాన్ని బయటికి లాగి తిప్పుతుంటే ముగ్గురు వరసగా సమ్మెటలు వేస్తారు. పదీ పదిహేను దెబ్బలు పడేసరికి రంగు దిగిపోతుంది, మళ్లీ కొలిమిలోకి. చల్లబడ్డ కంచు మీద ఒక్క దెబ్బ పడినా పగిలిపోతుంది. అలా ఎన్నిసార్లు పెట్టి తీశారో నేను లెక్క తప్పాను. పూర్వం పెద్ద గోంగ్ కొట్టే రోజుల్లో కమ్మర్లు తమ పేర్లు విడిచి పంజీ అనే రాకుమారుడి కథల్లోని పాత్రల పేర్లు పెట్టుకునేవారని పాత పుస్తకాల్లో ఉంది. ఆ పాకలో నిలబడితే అదేమంత వింతగా అనిపించదు.

తర్వాత శ్రుతి చేయడం. సారోన్ పలక చివరలు అరగదీస్తే శ్రుతి పెరుగుతుంది, నడుం అరగదీస్తే తగ్గుతుంది. పెద్దాయన ఆకురాయి పెట్టి నాలుగు గీతలు గీసి, చెవి దగ్గర పెట్టుకుని సుత్తితో తట్టి, మళ్లీ గీస్తున్నారు. నాకు ఒక్కసారిగా తెనాలి కొట్టు గుర్తొచ్చింది. "దేన్ని చూసి కలుపుతున్నారు?" అని ఫిట్టరు చేత అడిగించాను. ట్యూనింగ్ ఫోర్క్ ఏదైనా ఉంటుందనుకున్నాను. ఆయన పక్కనున్న పాత పలక చూపించారు. ఈ మేళం కొంటున్నవాళ్లకు ఫలానా మేళం నచ్చిందట, దాని పలక ఒకటి నమూనాగా తెచ్చి ఇచ్చారట. ఇంకొకళ్లు ఇంకో పలక తెస్తారు, అప్పుడు దానిలా చేస్తారు. అంతే సంగతి.

అక్కడే నా అసలు విషయం ఉంది. గమెలాన్‌లో రెండు స్వరవ్యవస్థలు. స్లేండ్రోలో అయిదు స్వరాలు, పేలోగ్‌లో ఏడు. స్లేండ్రో మొదటిసారి విన్న తెలుగువాడు ఎవరైనా ఇది మోహన కదా అంటాడు. నేనూ అన్నాను. కాదు. మోహనలో స్వరాల మధ్య దూరాలు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. స్లేండ్రోలో అయిదు మెట్లూ ఇంచుమించు సమానం. ఆ 'ఇంచుమించు'లోనే ఊళ్లున్నాయి, వంశాలున్నాయి. ఏ మెట్టుని ఎంత వెడల్పు చేయాలన్నది మేళానికో తీరు. దాన్ని 'ఎంబత్' అంటారు. యోగ్యకర్తలోని గజమద విశ్వవిద్యాలయానికి చెందిన వసిస్తో సూర్యోదినింగ్రాత్, ఆయన సహచరులు 1960లలో యంత్రాలు పట్టుకుని సోలో, యోగ్యకర్తల్లోని పేరున్న గమెలాన్‌లను కొలిచారు. ఒకదాని స్వరాలు ఒకదానితో కలవలేదు. ఒక మేళంలోని సారోన్ తీసుకెళ్లి పక్కింటి మేళంలో పెట్టి వాయించలేరు. గమెలాన్‌లకి మనుషుల్లా పేర్లు పెట్టడం, ముందు 'క్యాయి' అని గౌరవవాచకం చేర్చడం, గురువారం సాయంత్రం పూలూ సాంబ్రాణీ పెట్టడం, వాటిని దాటి నడవకపోవడం భక్తి అనుకుంటాం. భక్తే. కానీ వాటికి ఒక్కోదానికి ఒక్కో గొంతు ఉన్నప్పుడు పేరు పెట్టకపోతే పిలిచేదెట్లా?

ఇక సోలో, యోగ్యకర్తల తగువు. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం అరవై కిలోమీటర్ల పైచిలుకు, అంతే. 1755లో గియాంతి ఒప్పందంతో మతరాం రాజ్యం రెండుగా చీలింది. ఒక సింహాసనం సోలోలో, ఒకటి యోగ్యకర్తలో. అన్నదమ్ములు వాటాలు పంచుకున్నట్టు భూమి పంచుకున్నారు, నగలు పంచుకున్నారు, గమెలాన్‌లు కూడా పంచుకున్నారు. ప్రవక్త జన్మదిన వారంలో మసీదు ముందు మోగే సెకాతెన్ గమెలాన్‌లు జోడీగా ఉండేవట. వాటిలో గుంతుర్ మదు యోగ్యకర్తకి వెళ్లింది, గుంతుర్ సారి సోలోకి వచ్చింది, ఆ తర్వాత ఎవరికి వాళ్లు రెండోదాన్ని కొత్తగా చేయించుకున్నారని చెప్పుకుంటారు. నేటికీ రెండు ఊళ్లలోనూ జంట గమెలాన్‌లు కోటలోంచి ఊరేగింపుగా పెద్ద మసీదుకి వస్తాయి. సోలోలో మొదటి దెబ్బ పడే క్షణానికి నోట్లో తాంబూలం ఉండాలి, అప్పుడు ముసలితనం త్వరగా రాదని నమ్మకం. నేను నాలుగేళ్లు వేసుకున్నాను. ఫలితం మీ ఎదురుగానే ఉంది.

సోలో వాయింపులో బరువంతా మెత్తటి వాద్యాల మీద ఉంటుంది. రెబాబ్ దారి చూపిస్తుంది, గెండేర్ నీళ్లలో వేళ్లాడించినట్టు కదులుతుంది, గాయని గొంతు వీటి మీద తేలుతుంది. కంచు పలకలు వెనక్కి తగ్గి వాయిస్తాయి. యోగ్యకర్తలో 'సోరన్' అని గట్టి వాయింపు ఉంది. అక్కడ సారోన్‌లదే పెత్తనం. డెముంగ్ అనే పెద్ద సారోన్ వాయించే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకడి దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో రెండోవాడు కొడతాడు. రోటి దగ్గర ఇద్దరాడవాళ్లు పోటీ రోకళ్లు వేసినట్టు. సోలోలో పెద్దగా కనబడని బొనాంగ్ పనెంబుంగ్ అనే మంద్రస్థాయి గిన్నెల వరస యోగ్యకర్తలో కూర్చుని ఉంటుంది. ఒకే పేరుతో రెండు చోట్లా ఉన్న రచన విని, ఒకటే కదా అనుకుంటే, వరసలే వేరుగా వస్తాయి. సోలో వాళ్లు యోగ్యకర్తది మొరటు అంటారు, యోగ్యకర్త వాళ్లు సోలోది నాజూకు ఎక్కువై నీరసం అంటారు. పెసరట్టులో ఉప్మా ఉండాలా వద్దా అన్న తగువులాగా, ఇది తేలదు, తేలాలని ఎవరికీ లేదు.

కానీ ఈ లెక్క ఊరి పొలిమేరల ప్రకారం నడుస్తుందనుకుంటే పొరపాటు. రెండు ఊళ్లలోనూ పెద్ద కోటతో పాటు ఒక చిన్న కోట ఉంది. సోలోలో మంగ్కునెగరన్, యోగ్యకర్తలో పాకువలమన్. సోలోలో ఉన్న మంగ్కునెగరన్ రాజు ఏడో మంగ్కునెగర, యోగ్యకర్త సుల్తాను కూతుర్ని పెళ్లాడాడు. యోగ్యకర్తలో ఉన్న ఏడో పాకు ఆలం, సోలో రాజు పదో పాకుబువన కూతుర్ని చేసుకున్నాడు. ఏమైంది? సోలోలోని చిన్న కోటలో యోగ్యకర్త బాణీ అడుగుపెట్టింది, యోగ్యకర్తలోని చిన్న కోట సోలో బాణీ నేర్చుకుంది. సంగీత చరిత్రకారులు బాణీలకు పటాలు గీస్తుంటారు. ఈ పటం మీద కోడళ్లు నడిచారు. మన ఇళ్లలో పులుసు రుచి ఎలా మారుతుందో, అక్కడ గమెలాన్ అలా మారింది.

ఈ పాకువలమన్ కోట ఎలా పుట్టిందో చెప్పాలి, ఎందుకంటే అందులో మనకి తెలిసిన ఒక మనిషి ఉన్నాడు. 1811లో ఇంగ్లీషువాళ్లు జావాను డచ్చివాళ్ల దగ్గర్నించి గుంజుకున్నారు. ఆ దండయాత్రలో ఇంజనీర్లకు పెద్దగా వెళ్లినవాడు కోలిన్ మెకంజీ. మన ఊళ్ల కైఫీయతులు రాయించిన మెకంజీయే. ఇక్కడ కావలి లక్ష్మయ్య వంటివాళ్లు గ్రామ చరిత్రలు పోగుచేస్తున్న రోజుల్లోనే ఆయన రెండేళ్లు జావాలో ఉన్నాడు. 1812 జూన్‌లో ఇంగ్లీషు సైన్యం, బెంగాల్ సిపాయిలు కలిసి యోగ్యకర్త కోటను కొల్లగొట్టారు. కోట గ్రంథాలయం మొత్తం తరలిపోయింది. అందులో కొన్ని రాతప్రతులు మెకంజీ చేతికి చేరాయి. తమవైపు నిలిచిన ఒక రాజకుమారుడికి ఇంగ్లీషువాళ్లు ఇచ్చిన బహుమానమే పాకువలమన్ సంస్థానం. మన కైఫీయతుల మెకంజీని తలుచుకున్నప్పుడల్లా నాకు కృతజ్ఞత పుడుతుంది. యోగ్యకర్తలో నిలబడి తలుచుకున్నప్పుడు ఆ కృతజ్ఞత అంత సుఖంగా ఉండదు. అది కూడా చెప్పాలి కనక చెబుతున్నాను.

అదే పాకువలమన్ ఇప్పుడు నక్షత్రాల వైపు వెళ్తోంది. 1977లో అమెరికా వాయేజర్ నౌకల్లో పంపిన బంగారు రికార్డులో ఒక జావా రచన ఉంది, 'పుష్పవర్ణ'. పేరు మనకి అనువాదం అక్కర్లేదు. దాన్ని కట్టింది సోలోలోని మంగ్కునెగరన్ నాలుగో రాజు అని చెబుతారు. రికార్డులో వాయించింది యోగ్యకర్తలోని పాకువలమన్ మేళం, వసితోదిపుర నాయకత్వంలో. రికార్డు చేసింది రాబర్ట్ బ్రౌన్ అనే అమెరికన్. ఆయన అంతకుముందు మన మృదంగం మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నవాడు. ఆకాశంలో ఎవరైనా దాన్ని విని, ఇది ఏ ఊరి సంగీతం అని అడిగితే ఏం చెప్పాలి? సోలో రచన, యోగ్యకర్త చేతులు, ఆ చేతులకు సోలో నుంచి వచ్చిన కోడలు తెచ్చిన బాణీ.

కోటల గోల చాలు. నాకు నిజంగా ఇష్టమైంది బన్యుమాస్.

మధ్య జావాకి పడమటి అంచున ఉన్న ప్రాంతం అది. దాటితే సుండా వాళ్ల సీమ. అక్కడి యాసని సోలో వాళ్లు వెక్కిరిస్తారు, పదం చివర అక్షరాన్ని నొక్కిపెట్టి పలుకుతారని. అక్కడ కంచు కొనే స్తోమత లేని పల్లెల్లో వెదురుతో మేళం కట్టుకున్నారు, పేరు చాలుంగ్. నల్లవెదురు గొట్టాలని ఒక పక్క చెక్కి, పెద్దవీ చిన్నవీ వరసగా చట్రానికి కట్టి, కర్రలతో వాయిస్తారు. కంచు మోగితే నాదం సాగుతుంది, వెదురు మోగితే తెగిపోతుంది. సాగని నాదంతో మేళం నడపాలంటే చేతులు ఆగకూడదు. అందుకే చాలుంగ్ పరుగెత్తుతుంది, దాని చుట్టూ మనుషుల అరుపులు, చప్పట్లు, చమత్కారాలు పరుగెత్తుతాయి.

మరి గోంగ్ సంగతి? ప్రతి ఆవర్తం చివరా పెద్ద గోంగ్ పడకపోతే జావా సంగీతం ముగింపు లేని వాక్యం. బన్యుమాస్ వాళ్లు లావుపాటి వెదురు గొట్టంలో సన్నపాటి గొట్టం దింపి, నోటితో ఊదుతారు. బూం అని, మూలుగులాంటి మోత వస్తుంది. నేను చూసిన రాత్రి ఊదుతున్నాయన అరవై దాటినవాడు. పక్కన కాఫీ గ్లాసు, చెవి వెనక సిగరెట్టు. లెంగ్గెర్ నర్తకి ఆటలో ఉంది, జనం డబ్బులు చదివిస్తున్నారు, ఆయన మాత్రం ఎవరినీ చూడ్డం లేదు. ఆవర్తం ముగిసే ముందు గొట్టాన్ని పెదాలకి ఆనించి ఊదుతాడు, దింపుతాడు, గుటకేస్తాడు. తెల్లవారుజామున నాలుగింటికి కూడా ఒక్క దెబ్బ తప్పలేదు. సోలో కోటలో ఆ చోట ఇద్దరు మనుషులు మొయ్యాల్సిన కంచు గోంగ్ వేలాడుతుంది. దానికి ప్రత్యామ్నాయం అని ఎవరైనా పుస్తకంలో రాస్తే నేను ఒప్పుకోను. ఆ రాత్రి అక్కడ దేనికీ లోటు కనబడలేదు.

ఈ లెంగ్గెర్ ఒకప్పుడు ఆడవేషం కట్టిన మగవాళ్లు ఆడేవారు. ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావుగారి ఊళ్లనుంచి వెళ్లిన నాకు అందులో ఆశ్చర్యపోవడానికేమీ కనిపించలేదు.

తూర్పు జావాకి, సురబయ, మలాంగ్, జొంబాంగ్ వైపుకి వెళితే మళ్లీ వేరే గాలి. మధ్య జావాలో రచనలను మూడు 'పాతెత్'లలో, అంటే మన రాగాల్లాంటి వర్గాల్లో, అమరుస్తారు, అక్కడ నాలుగు, పేర్లూ వేరే. కెండాంగ్ గట్టిగా, ముందుకు తోసుకుంటూ పలుకుతుంది. ఆ సీమ గుండెకాయ 'జులా-జులి' అనే రచన. లుద్రుక్ నాటకంలో హాస్యగాడు దాని మీద అప్పటికప్పుడు పాదాలు కట్టి పాడతాడు, ధరల మీద, పోలీసుల మీద, అత్తగార్ల మీద. జపాన్ ఆక్రమణ రోజుల్లో చాక్ దురాసిం అనే లుద్రుక్ నటుడు, జపాన్ వాళ్లు వచ్చాక మన బతుకు ఇంకా కష్టమైందన్న అర్థం వచ్చేలా పాడాడు. పట్టుకెళ్లారు. 1944లో చనిపోయాడు. సురబయలో ఇవాళ ఒక రంగశాలకు ఆయన పేరుంది. సోలో బాణీ నాజూకుతనంలో ఆ పాట పాడి ఉంటే జపాన్ వాళ్లకి అర్థమయ్యేది కాదేమో అని ఒక సురబయ స్నేహితుడు నాతో అన్నాడు, సగం గర్వంగా.

పొనొరోగోలో నెమలి పింఛాల పెద్ద ముఖాన్ని పళ్లతో పట్టి ఆడే రెయోగ్‌కి సన్నాయి వంటి స్లొంప్రెత్ ఊదుతారు. తూర్పు కొసన బన్యువాంగిలో గాంద్రుంగ్ నాట్యానికి మేళంలో వయొలిన్లు, ఒక ఇనుప త్రికోణం. ఆ త్రికోణం కొట్టేవాడే విదూషకుడు. ఉత్తర తీరాన చిరెబోన్‌లో స్లేండ్రోని 'ప్రవ' అంటారు. వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క సాయంత్రానికి సరిపడే విషయం. మైకు దగ్గరున్నవారు గడియారం చూస్తున్నారు కనక వదిలేస్తున్నాను.

1889లో పారిస్ ప్రదర్శనలో దెబుస్సీ అనే ఫ్రెంచి స్వరకర్త జావా సంగీతం విని ముగ్ధుడయ్యాడని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. అక్కడ నాట్యం చేసినవాళ్లు సోలోలోని మంగ్కునెగరన్ నుంచి వెళ్లిన అమ్మాయిలు. వాయించినవాళ్లు ఎక్కువమంది పడమటి జావాలోని పరకన్‌సలక్ తేయాకు తోట నుంచి వెళ్లిన సుండా వాళ్లు. రెండు భాషలు, రెండు బాణీలు. పైన బోర్డు మీద మాత్రం ఒకటే మాట, జావా. ఆ మాటే చరిత్రలో మిగిలింది.

బోర్డులు యూరప్ వాళ్లే రాయలేదు. 1933లో ఏడో మంగ్కునెగర ప్రోత్సాహంతో సోలోలో రేడియో సంఘం పెట్టారు. 1937లో డచ్చి యువరాణి జూలియానా పెళ్లి వేడుకకు ఆయన కూతురు గుస్తి నురుల్ హాలండ్‌లో నాట్యం చేస్తే, మేళం సోలోలోనే కూర్చుని రేడియోలో వాయించింది. అద్భుతమే. కానీ రేడియో ఎవరింట్లో ఉంటే వాళ్ల బాణీ దూరం వెళుతుంది. 1950లో సోలోలో సంగీత కళాశాల పెట్టారు, 1956లో అదే ఊళ్లో ప్రభుత్వ రికార్డు సంస్థ లొకనంత మొదలైంది. తర్వాత క్యాసెట్లు. బన్యుమాస్ పిల్లవాడు, మలాంగ్ పిల్లవాడు సోలో క్యాసెట్ విని, తమ తాత వాయించింది తప్పేమో అనుకునే రోజులు వచ్చాయి. సెమరాంగ్‌లో స్థిరపడ్డ నర్తోసబ్దో (1925–1985) వంటి గొప్ప దలాంగ్, అంటే తోలుబొమ్మలాట సూత్రధారి, మాత్రం ఎదురు పని చేశాడు. బన్యుమాస్ వరసలనీ, సుండా వరసలనీ తన బొమ్మలాటలోకి తెచ్చి అంతటా వినిపించాడు. ఆయన వల్లే అవి బతికాయని కొందరు, ఆయన చేతిలో అంచులు అరిగి నునుపెక్కాయని కొందరు. నేను రెండోవాళ్ల వైపు మొగ్గుతాను, ఆయన క్యాసెట్లు మాత్రం ఇప్పటికీ కారులో ఉన్నాయి.

2021లో యునెస్కో గమెలాన్‌ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషం. జాబితాలో ఒకే ఒక పేరు పడింది, గమెలాన్ అని.

మీలో చాలామంది ఫోన్లలో మీ ఊరి డప్పు, మీ ఊరి సన్నాయి, కోలాటం రికార్డు చేస్తుంటారు. చేయండి. బొత్తాం నొక్కాక మొట్టమొదట ఊరి పేరు, వాయిస్తున్నవాళ్ల పేర్లు, తేదీ మీ గొంతుతో చెప్పి, ఆ తర్వాత వాయించమనండి.

మాస్టారి ఆఖరి హార్మోనియం బయట వరండాలో బల్ల మీద పెట్టించాం. వెళ్లేటప్పుడు మూత తీసి చూడండి, తాళం వేయలేదు. లోపల పెన్సిలు రాత ఇంకా కనబడుతోంది.